మూడు డిపార్ట్‌మెంట్లకి మూడు స్టాక్ లెక్కలు, గో లైవ్‌కి పది వారాలు

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు, కంపెనీ పేరు వేయొద్దన్నారు. పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, ఇప్పుడు ఆరుగురు ఉన్న టీమ్‌కి లీడ్. సరుకు తెచ్చి 9 గోడౌన్లలో నిల్వ పెట్టి అక్కడినుంచి షాపులకి పంపే ఒక డిస్ట్రిబ్యూషన్ కంపెనీకి స్టాక్, బిల్లింగ్, అకౌంట్స్ అన్నీ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. 8 నెలల్లో అయిపోవాల్సింది 16 నెలలైంది. క్లయింట్ వాళ్ళు ఇప్పటికీ ఎక్సెల్ షీట్ల మీద, ఎప్పుడో ఎవరో రాసి వెళ్ళిపోయిన ఒక పాత ప్రోగ్రామ్ మీద బండి నడిపిస్తున్నారు.

ఆవిడ మాటల్లోనే కొంచెం: "మొదట్లో క్లయింట్ వారానికో కొత్త ఫీల్డ్ (ఐటమ్ గురించి రాసుకునే ఇంకో వివరం) అడిగేవాళ్ళు, ప్రతిసారీ టేబుల్ మార్చలేక నేనే ఒక ఐడియా వేసాను, ఐటమ్ ఐడీ, ఫీల్డ్ పేరు, విలువ అని మూడు కాలమ్స్‌తో ఒకే టేబుల్ పెట్టేస్తే ఏది అడిగినా ఇచ్చేయొచ్చు కదా అని. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ టేబుల్‌లో 4 కోట్ల రోలు (వరసలు) ఉన్నాయి, నెలాఖరు రిపోర్ట్‌కి 40 నిమిషాలు పడుతోంది. దానికన్నా పెద్ద గొడవ, ఒకే ఐటమ్ ఒకే గోడౌన్ ఒకే తేదీకి స్టాక్ ఎంత అంటే సేల్స్ వాళ్ళు 11,840 అంటారు, గోడౌన్ వాళ్ళు 12,315 అంటారు, అకౌంట్స్ వాళ్ళు 12,102 అంటారు. ముగ్గురూ సాఫ్ట్‌వేరే తప్పు అంటున్నారు."

మేనేజర్ ఏమో పది వారాల్లో తొమ్మిది గోడౌన్లూ ఒకే రోజు గో లైవ్ (కొత్త సాఫ్ట్‌వేర్ మీద అసలు పని మొదలవ్వడం) అని క్లయింట్‌కి మాట ఇచ్చేసారట, కావాలంటే ఇంకో ఇద్దర్ని ఇస్తానన్నారట. టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి "అక్కా, ఇదంతా తీసేసి మొదటి నుంచి రాసేద్దాం, నీట్‌గా వస్తుంది" అంటున్నాడు. ఈవిడకి రాత్రుళ్ళు నిద్ర లేదు. డిజైన్ నాది కాబట్టి తప్పు నాదే, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు అని రాసారు. మళ్ళీ రాయాలా, ఇలాగే గో లైవ్ అయిపోవాలా, ఉద్యోగం మానేయాలా అన్నవి ఆవిడ ప్రశ్నలు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న, కస్టమర్ కోడ్ కింద ఫోన్ నంబరే పెట్టేసాం, ఇప్పుడు మార్చాలా వద్దా అని.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మొదటిసారి ఒకటే పెద్ద సమస్యలా కనిపించింది, రెండోసారి చదివితే నాలుగు సమస్యలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయని తెలిసింది. లెక్కలు కలవకపోవడం ఒకటి, టేబుల్ డిజైన్ ఒకటి, డేట్ ఒకటి, ఇదంతా మీరొక్కరే మోస్తుండడం ఒకటి. నాలుగింటికీ కలిపి మీరు ఒకే కారణం రాసుకున్నారు, తప్పు నాదే అని. డిజైన్‌లో తప్పు ఉన్నమాట నిజం, అది మీరు చేసిందే, మిమ్మల్ని ఓదార్చడానికి దాన్ని లేదనను. కానీ మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్న ఆ మూడు అంకెలు ఉన్నాయే, వాటికి మీ టేబుల్ కారణం కాదేమో అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

ఒకసారి తీసివేత చేసి చూడండి. గోడౌన్ లెక్కలోంచి సేల్స్ లెక్క తీసేస్తే 475 తేడా. గోడౌన్ లెక్కలోంచి అకౌంట్స్ లెక్క తీసేస్తే 213. నా అంచనా ఏంటంటే, గోడౌన్ వాళ్ళు కళ్ళముందు ఉన్న పెట్టెలు లెక్కపెడతారు, లారీ గేటు దాటేదాకా అది వాళ్ళ స్టాకే. అకౌంట్స్ వాళ్ళకి ఇన్వాయిస్ కొట్టిన క్షణమే ఆ సరుకు వెళ్ళిపోయినట్టు. సేల్స్ వాళ్ళకి ఆర్డర్ బుక్ అయితే చాలు, ఇంక అది ఇంకొకరికి అమ్మకూడదు కాబట్టి వాళ్ళ లెక్కలోంచి తీసేస్తారు. అలా అయితే ఇన్వాయిస్ అయ్యి ఇంకా లారీ ఎక్కనివి 213, ఆర్డర్ ఉండి ఇంకా ఇన్వాయిస్ కానివి 262, రెండూ కలిపితే 475. ముగ్గురూ కరెక్టే చెప్తున్నారు, ముగ్గురూ వేరే వేరే వస్తువుకి "స్టాక్" అనే ఒకే పేరు వాడుతున్నారు. నా అంచనా తప్పవ్వచ్చు, రిటర్న్ వచ్చి క్రెడిట్ నోట్ (వెనక్కొచ్చిన సరుకు డబ్బు తగ్గించే కాగితం) కానివి ఉండొచ్చు, ఒక గోడౌన్‌ నుంచి ఇంకో గోడౌన్‌కి దారిలో ఉన్నవి ఉండొచ్చు, పాడైనవి ఒక మూల పెట్టి ఉండొచ్చు. ఏదైనా సరే వెతకాల్సిన చోటు మాత్రం ఇదే, కోడ్‌లో తర్వాత.

నేనిది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రాజెక్టులో ఇలాంటి తేడా కోసమే నేనూ నా టీమూ ఆరు వారాలు క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) తవ్వాం, ట్రిగ్గర్లు (డేటా మారగానే వాటంతటవే నడిచే కోడ్) తీసి పెట్టాం, సర్వర్ మార్చాం. చివరికి ఒకరోజు గోడౌన్‌లో లోడింగ్ చూసుకునే పెద్దాయన్ని అడిగితే పది నిమిషాల్లో తేల్చేసారు, సాయంత్రం ఆరు తర్వాత ఎక్కించిన సరుకు మరుసటి రోజు తేదీతో రాస్తామండీ అని. ఆ ఆరు వారాల్లో మాలో ఒక్కరికి కూడా ఆయన్ని అడగాలని తోచలేదు. అప్పట్నుంచి ఏ ప్రాజెక్టులోనైనా లెక్క కలవకపోతే ముందు మనుషుల దగ్గరికే వెళ్తున్నాను, డేటాబేస్ దగ్గరికి తర్వాత వెళ్తున్నాను.

కాబట్టి ఈ వారమే చేయగలిగింది ఒకటుంది, దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆ ఒక్క ఐటమ్, ఆ ఒక్క గోడౌన్, ఆ ఒక్క తేదీ తీసుకోండి. సేల్స్, గోడౌన్, అకౌంట్స్ నుంచి ఒక్కొక్కర్ని, మేనేజర్లని కాదు, రోజూ చేత్తో ఎంట్రీ చేసేవాళ్ళని, ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. కాగితం మీద ఆ రోజు వచ్చిన ప్రతి పెట్టె, వెళ్ళిన ప్రతి పెట్టె రాయించండి, ఎవరి లెక్కలో ఎప్పుడు తగ్గిందో పక్కన రాయించండి. ల్యాప్‌టాప్ తెరవకండి, తెరిస్తే మాటలన్నీ స్క్రీన్ గురించే అయిపోతాయి. ఆ కాగితం చివర్లో మీకు ఒక స్టాక్ బదులు నాలుగైదు పేర్లు వస్తాయి, చేతిలో ఉన్నది, బుక్ అయినది, బిల్ అయి వెళ్ళాల్సినది, దారిలో ఉన్నది, పాడైనది. ఆ పేర్లే మీ స్క్రీన్ల మీదకి రావాలి, రిపోర్ట్ హెడ్డింగుల్లోకి రావాలి, "స్టాక్" అనే ఒంటరి మాట ఎక్కడా కనిపించకూడదు. ఏ అంకె చూసి అమ్మాలి, ఏ అంకెతో పుస్తకాలు మూయాలి అన్నది క్లయింటే నిర్ణయించాలి, మీరు కాదు. ఇన్నాళ్ళు ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేదు, అందుకే అది మీ సాఫ్ట్‌వేర్ తప్పులా కనిపిస్తోంది.

ఇక డిజైన్. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం ఉంది, స్టాక్ అనేది ఒక కాలమ్, సరుకు కదిలినప్పుడల్లా అప్‌డేట్ చేస్తాం అని. నాకు ఆ మూడు కాలమ్స్ టేబుల్ కన్నా ఇదే ఎక్కువ భయం. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ పాత అంకె పోతుంది, ఎందుకు మారిందో పోతుంది, రేపు గొడవ వస్తే చూపించడానికి ఏమీ ఉండదు. అకౌంట్స్ రాసేవాళ్ళని చూడండి, వాళ్ళు పుస్తకంలో రాసింది చెరపరు, తప్పు రాస్తే దానికి ఎదురు ఎంట్రీ ఇంకోటి వేస్తారు, వందల ఏళ్ళుగా నిలబడ్డ పద్ధతి అది. స్టాక్ కూడా అలాగే, ప్రతి కదలికకీ ఒక రో, ఏ ఐటమ్, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత, ఏ కారణం, ఏ డాక్యుమెంట్, జరిగింది ఎప్పుడు, ఎంటర్ చేసింది ఎప్పుడు (ఈ రెండు తేదీలూ వేరుగా ఉంచండి, నా ఆరు వారాల కథ అంతా ఇక్కడే ఉంది), ఎవరు చేసారు. బ్యాలెన్స్ అంటే వాటి మొత్తం. స్పీడ్ కోసం బ్యాలెన్స్‌ని వేరే టేబుల్‌లో దాచుకోండి, పర్లేదు, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు కదలికల నుంచి మళ్ళీ తయారుచేయగలగాలి, రోజూ రాత్రి ఒకసారి రెండూ పోల్చి తేడా వస్తే మీకు మెయిల్ రావాలి. పది వారాల్లో మీరు ఒకే ఒక్క మార్పు చేయగలరు అంటే నేను ఇదే చేయమంటాను, రిపోర్ట్ నిదానంగా రావడాన్ని జనం కొన్నాళ్ళు భరిస్తారు గానీ అంకెని నమ్మకపోతే మర్నాడే మళ్ళీ ఎక్సెల్ తెరిచేస్తారు.

ఇదే కోవలో ఇంకొన్ని చూసుకోండి, త్వరగా చెప్పేస్తాను. డబ్బు కాలమ్స్ ఫ్లోట్‌లో (అంకెని దగ్గరి విలువగా దాచే టైప్) ఉంటే డెసిమల్‌కి (ఉన్నదున్నట్టు దాచే టైప్) మార్చేయండి, ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, లక్ష ఇన్వాయిస్‌ల మొత్తంలో అది పైసల తేడాగా బయటపడుతుంది, అకౌంట్స్ వాళ్ళు ఒక్క పైసా తేడా వచ్చినా ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ట్యాక్స్ రేటు, ధర ఇన్వాయిస్ కొట్టిన రోజు ఎంతో అంత ఇన్వాయిస్ లైన్‌లోకే కాపీ అవ్వాలి, ఐటమ్ మాస్టర్ (ఐటమ్‌ల అసలు జాబితా) నుంచి తెచ్చి చూపిస్తుంటే రేటు మారిన రోజు పాత బిల్లులన్నీ మారిపోతాయి. ఇన్వాయిస్ నంబర్‌కి డేటాబేస్ సీక్వెన్స్ (వరసగా నంబర్లిచ్చే ఏర్పాటు) వాడుతుంటే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ (అన్నీ అయితేనే నిలిచే మార్పుల గుంపు) ఫెయిలై రోల్‌బ్యాక్ అయినా, అంటే మార్పులన్నీ రద్దయినా, సీక్వెన్స్ వెనక్కి రాదు, మధ్యలో నంబర్లు ఎగిరిపోతాయి, ఆడిట్‌లో ఆ నంబర్ ఏమైంది అని అడుగుతారు. అలా ఖాళీలు రాకూడదంటే నంబర్ కోసం వేరే టేబుల్‌లో ఒక రో పెట్టి, అదే ట్రాన్సాక్షన్‌లో దాన్ని లాక్ చేసి పెంచుకోవాలి. దానివల్ల ఒకేసారి బిల్లు కొట్టేవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆగుతారు, కాబట్టి ట్రాన్సాక్షన్ చివర్లో తీసుకోండి నంబర్‌ని.

ఇప్పుడు ఆ 4 కోట్ల రోల టేబుల్. ఆ డిజైన్ మీరొక్కరే చేయలేదండీ, క్లయింట్ నుంచి వారానికో మార్పు వచ్చే ప్రాజెక్టుల్లో దాదాపు ప్రతి డిజైనర్‌కీ ఎప్పుడో ఒకప్పుడు తోచే ఆలోచన అది, నేనూ ఒకచోట చేసాను. దాని కష్టం ఏంటో మీకిప్పుడు నాకన్నా బాగా తెలుసు, విలువలన్నీ టెక్స్ట్ అయిపోతాయి, ఒకచోట 12 ఇంకోచోట 12.0 ఇంకోచోట ఖాళీ, ఫారిన్ కీ (ఈ విలువ ఫలానా టేబుల్‌లో ఉండాల్సిందే అనే కట్టడి) పెట్టలేం, తప్పనిసరి ఫీల్డ్ అని డేటాబేస్‌కి చెప్పలేం, రిపోర్ట్‌లో 30 ఫీల్డులు కావాలంటే ఆ టేబుల్‌ని దానితోనే 30 సార్లు జాయిన్ చేయాలి. అయితే దీన్ని మొత్తం పీకేయక్కర్లేదు. ముందు ఒక క్వెరీ వేసి ఏ ఫీల్డ్ ఎన్ని ఐటమ్స్‌కి నిజంగా నింపి ఉందో, ఏది రిపోర్టుల్లో వాడుతున్నారో చూడండి. అడిగిన ఫీల్డులన్నీ వాడరు, సాధారణంగా పదిహేను ఇరవై ఫీల్డుల మీదే పనంతా నడుస్తుంది. వాటికి మాత్రం అసలైన కాలమ్స్ పెట్టండి, సరైన టైప్‌తో. మిగతావి అలాగే వదిలేయండి, లేదా తర్వాత ఎప్పుడో ఒక జేసన్ కాలమ్‌లోకి (పేరు, విలువ జతలన్నీ ఒకేచోట పట్టే కాలమ్) మార్చుకోండి, పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌బీ అనే అలాంటి కాలమ్ టైప్ 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచే ఉంది.

మార్చే వరస ముఖ్యం. కొత్త కాలమ్స్ పెట్టండి, పాతదీ కొత్తదీ రెండిట్లోకీ రాసేలా కోడ్ మార్చండి, పాత డేటాని రాత్రిపూట కొంచెం కొంచెంగా కాపీ చేయండి, రెండూ కలుస్తున్నాయని చూసుకున్నాక చదవడం కొత్తదాన్నుంచి మొదలుపెట్టండి, పాతది తీసేయడం అన్నిటికన్నా చివర. ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, పది వారాలే చేతిలో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా కావాల్సింది లేదు. రిపోర్టులన్నీ ఒక వ్యూ (టేబుల్‌లా కనిపించే, పేరు పెట్టి దాచిన క్వెరీ) మీద నడిచేలా ముందే చేసేస్తే కింద టేబుల్స్ మారినా రిపోర్టులు కదలవు. 1970లో ఐబీఎంలో పనిచేస్తూ ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ (డేటాని టేబుల్స్‌గా చూసే పద్ధతి) గురించి రాసినప్పుడు మొట్టమొదట చెప్పిందే ఇది, డేటా లోపల ఎలా అమర్చి ఉందో వాడేవాళ్ళకి తెలియాల్సిన అవసరం ఉండకూడదు అని. మీరు పదహారు నెలల తర్వాత డిజైన్ మార్చుకోగలుగుతున్నారంటే ఆ వెసులుబాటు వల్లే.

కొత్త అబ్బాయి చెప్పిన రీరైట్ సంగతి. అతన్ని కొట్టిపారేయకండి, అతను చూస్తున్న చిక్కు నిజమైనదే. కానీ అతను చూసింది కోడ్‌ని, ఆ కోడ్‌లో ప్రతి వింత ఇఫ్ కండిషన్ (ఇలా అయితే అలా చెయ్ అనే షరతు) వెనకా ఒక ఫోన్ కాల్ ఉంటుంది, ఫలానా కస్టమర్‌కి నెల చివర ఒకటే బిల్లు, ఫలానా ఐటమ్ కేజీల్లో కొని పెట్టెల్లో అమ్ముతారు, ఇలాంటివి. కొత్తగా రాస్తే అవన్నీ మళ్ళీ ఫోన్ కాల్స్‌గానే తిరిగి వస్తాయి. నెట్‌స్కేప్ 1998లో తమ బ్రౌజర్ కోడ్‌ని పక్కనపెట్టి కొత్తగా రాయాలనుకుంది, 1997లో 4.0 ఇచ్చినవాళ్ళు తర్వాతి పెద్ద వెర్షన్ 6.0 ఇచ్చేసరికి 2000 నవంబర్ అయింది, ఆ మధ్యలో మార్కెట్ చాలావరకు చేజారిపోయింది. పది వారాల డేట్ ముందు రీరైట్ అనేది ఆప్షన్ కాదు, నిజంగా రీరైటే కావాలంటే డేట్ పోయిందని ముందు ఒప్పించాలి, అప్పటిదాకా క్లయింట్ పాత ప్రోగ్రామ్ మీదే ఉండాలి, ఆ ప్రోగ్రామ్‌ని రిపేర్ చేసేవాళ్ళు కూడా లేరు. ఆ అబ్బాయికి మాత్రం కదలికల టేబుల్ డిజైన్ అప్పజెప్పండి, అది కొత్తగా రాయాల్సిందే, అతనికి కావాల్సిన నీట్‌నెస్ అక్కడ దొరుకుతుంది, మీకూ ఒక భుజం దొరుకుతుంది.

మేనేజర్ ఇస్తానన్న ఇద్దరి విషయం కూడా ఇక్కడే. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాసారు, లేటైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా లేటవుతుంది అని, ఎందుకంటే వాళ్ళకి నేర్పించాల్సింది పని తెలిసినవాళ్ళే, అంటే మీరే. అలాగని వద్దనకండి. కోడ్ లోపలికి రానివ్వకుండా విడిగా నడిచే పని ఇవ్వండి, పాత డేటా శుభ్రం చేయడం, పాతా కొత్తా లెక్కలు పోల్చే స్క్రిప్టులు రాయడం. ఆ పని చాలా ఉంటుంది.

ఎందుకంటే ఎక్సెల్ నుంచి వచ్చే డేటా గురించి మీరు ఒక్క వాక్యమే రాసారు, ఇంపోర్ట్ ఒక వీకెండ్‌లో అయిపోతుంది అని. అవ్వదండీ. ఐటమ్ కోడ్‌లో ముందున్న సున్నాలు ఎక్సెల్ తినేస్తుంది, కొన్ని కోడ్స్‌ని తేదీలుగా మార్చేస్తుంది, ఈ బాధ పడలేక సైంటిస్టులు 2020లో ఏకంగా కొన్ని జీన్ల పేర్లే మార్చుకున్నారు, సెప్ట్1 అని ఉన్నదాన్ని సెప్టెంబర్ ఒకటో తేదీ చేసేస్తోందని సెప్టిన్1 అని పెట్టుకున్నారు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్‌లో 65,536 రోలు దాటితే మిగతావి పట్టవు, అదే 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోవడానికి కారణం. మీ ఫైల్స్ ఏ ఫార్మాట్‌లో ఉన్నాయో ఈరోజే చూడండి. ఇంపోర్ట్ కనీసం మూడుసార్లు రిహార్సల్ చేయండి, ప్రతిసారీ టైమ్ రాసుకోండి, ప్రతిసారీ లోపలికి వెళ్ళిన రోల సంఖ్య, మొత్తం పరిమాణం, మొత్తం డబ్బు పాతదానితో పోల్చండి. మూడోసారికి కూడా చేత్తో సరిచేయాల్సి వస్తుంటే అది గో లైవ్ రోజు కూడా వస్తుంది.

ఇక డేట్. ఇక్కడ మీకున్న దారులు చెప్తాను, ఏ దారిలో ఏం ఎదురవుతుందో కూడా చెప్తాను, ఏది పట్టుకోవాలో మీరూ మీ మేనేజరూ కలిసి చూసుకోవాలి.

తొమ్మిదీ ఒకే రోజు చేయడంలో ఒక నిజమైన సుఖం ఉంది, పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపాల్సిన పని లేదు, గోడౌన్ల మధ్య సరుకు వెళ్తే రెండు సిస్టమ్స్‌లో రాయాల్సిన పని లేదు. కానీ ఏదైనా తప్పితే తొమ్మిదిచోట్లా ఒకేసారి తప్పుతుంది, మీరు ఆరుగురు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు దాదాపు 52 లక్షల కస్టమర్లని ఒక వీకెండ్‌లో కొత్త ప్లాట్‌ఫామ్ మీదకి మార్చింది. డేటా సరిగ్గానే వెళ్ళింది, గమనించండి, డేటా వెళ్ళింది, కానీ సిస్టమ్ అంత మందిని ఒకేసారి మోయలేకపోయింది, 19 లక్షల మంది దాకా తమ అకౌంట్లలోకి వెళ్ళలేకపోయారు, అన్నీ మామూలుగా అవ్వడానికి డిసెంబర్ దాకా పట్టింది. మీ రిపోర్ట్ 40 నిమిషాలు తీసుకుంటున్నది టెస్టింగ్‌లో, ఒక్కరు రన్ చేస్తే. తొమ్మిది గోడౌన్ల వాళ్ళు నెలాఖరున ఒకేసారి రన్ చేస్తే ఏమవుతుందో చూసారా? ఈ దారే పట్టాల్సి వస్తే కనీసం ఆ పరీక్ష ముందే చేయండి, వెనక్కి వెళ్ళిపోవాల్సిన గంట ఏదో, ఆ మాట చెప్పే మనిషి ఎవరో ముందే రాసిపెట్టుకోండి. ఆ రాత్రి అలసటలో ఎవరూ వెనక్కి వెళ్దాం అనలేరు.

రెండో దారి, అదే డేట్‌కి ఒకే గోడౌన్. మేనేజర్ ఇచ్చిన మాట పూర్తిగా పోదు, ఆ రోజు గో లైవ్ అయినట్టే. దీని ఖర్చు ఏంటంటే మిగతా ఎనిమిదింటితో జరిగే ట్రాన్స్‌ఫర్లు కొన్ని వారాలు చేత్తో రెండుచోట్లా రాయాలి, అది ఎవరు రాస్తారో పేరు పెట్టి తేల్చుకోకపోతే ఎవరూ రాయరు. ఏ గోడౌన్ అంటే, చాలామంది అన్నిటికన్నా చిన్నది తీసుకుంటారు, నేను తీసుకోను, అక్కడ రిటర్నులు ఉండవు, గొడవలు ఉండవు, ఏమీ బయటపడదు. మధ్యస్థంగా ఉండి, తప్పు కనిపిస్తే దాచకుండా ఫోన్ చేసే సూపర్‌వైజర్ ఉన్న గోడౌన్ తీసుకోండి.

మూడోది, పాతదీ కొత్తదీ రెండూ కొన్నాళ్ళు నడపడం. లెక్కల మీద నమ్మకం దీనివల్ల వచ్చినంతగా ఇంకెందువల్లా రాదు. కానీ ఎంట్రీ చేసేవాళ్ళకి రెట్టింపు పని, రెండు మూడు వారాలయ్యేసరికి కొత్తదాంట్లో సాయంత్రం అన్నీ కలిపి ఒకేసారి కొట్టేయడం మొదలుపెడతారు, అప్పుడు పోలికకి అర్థం ఉండదు. అందుకే ఒక నెలాఖరు దాటేదాకా మాత్రమే, అది కూడా ఒక గోడౌన్‌కే. నాకైతే రెండోదీ మూడోదీ కలిపి చేయడం మీ పరిస్థితికి దగ్గరగా ఉందనిపిస్తోంది.

నాలుగోది డేట్ మొత్తంగా జరపడం. పదహారు నెలలు ఆగినవాళ్ళకి ఊరికే ఇంకో మూడు నెలలు అంటే నమ్మరు. కానీ ఆ స్టాక్ పేర్ల కాగితం చేతిలో పెట్టి, ఈ నిర్ణయాలు మీవైపు నుంచి కావాలి, వచ్చాక ఇన్ని వారాలు అంటే ఆ సంభాషణే వేరుగా ఉంటుంది.

ఏ దారైనా ఒకటి మాత్రం తప్పించుకోలేరు, బ్యాకప్‌ని నిజంగా వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, సాఫ్ట్‌వేర్ దానికి కనెక్ట్ చేసి, నిన్నటి ఇన్వాయిస్ తెరిచి చూడాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్ మీదే డేటా డైరెక్టరీ తీసేసారు. చూసుకుంటే బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ కలవక ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది, ఫెయిలైందని వచ్చే మెయిల్స్ కూడా చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా నకలు) ఉండబట్టి అంతవరకు తెచ్చుకోగలిగారు. వాళ్ళు దాన్నంతా దాచకుండా బయటపెట్టి రాసారు, ఆ ఇంజినీర్‌ని తప్పుపట్టలేదు కూడా. మీరు అది గుర్తుపెట్టుకోవాలని నాకుంది.

మేనేజర్‌కి చెప్పే విషయం దాకా వచ్చాం. చెప్పకుండా గో లైవ్ అయిపోతే ఏమవుతుందో ఆలోచించండి, మొదటి నెలాఖరున అందరికీ తెలుస్తుంది, అప్పుడు మీకు ముందే తెలుసా అని అడుగుతారు, ఆ ప్రశ్నకి మీ దగ్గర మంచి జవాబు ఉండదు. ఇప్పుడు చెప్తే కోపం రావచ్చు, అప్రైజల్‌లో రాయచ్చు, అది జరగదని నేను మాట ఇవ్వలేను. కానీ పది వారాల ముందు చెప్పిన లోపం వాళ్ళు ప్లాన్ చేసుకోగలిగిన విషయం. ఏడుస్తూ తప్పు ఒప్పుకోవడంలా చెప్పకండి. ఒక పేజీ రాసుకెళ్ళండి, ఆ మూడు అంకెలు ఎందుకు వేరో ఒక పేరా, కదలికల టేబుల్ ఎందుకు కావాలో ఒక పేరా, పైన చెప్పిన దారులు, ఒక్కోదాని ఖర్చు. డిజైన్ గురించి అయితే ఇలా అనొచ్చు, "మార్పులు వేగంగా వస్తున్నాయని నేను ఈ పద్ధతి ఎంచుకున్నాను, ఇంత డేటాకి అది నిలబడట్లేదు, ఈ వరసలో మారుస్తాను, గో లైవ్‌కి ముందు ఇంతవరకు, తర్వాత ఇంత." అంతే, అంతకన్నా క్షమాపణ అక్కర్లేదు. మెయిల్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి, చెప్పాక అదే పేజీ మెయిల్ చేయండి.

ఉద్యోగం మానేయడం కూడా ఒక దారే, దాన్ని నేను తక్కువ చేయను. నిద్ర పట్టట్లేదంటే ఒంటికి ఏదో అవుతోంది, అది పదహారు నెలలుగా అవుతోంది, ముందు ఒక డాక్టర్‌తో మాట్లాడండి, ప్రాజెక్టు అయ్యాక కాదు, ఇప్పుడే. కానీ ఈ వారం మానేస్తే ఆ మూడు అంకెలు ఎందుకు కలవలేదో మీకు ఎప్పటికీ తెలియదు, నావల్లే అన్న నమ్మకాన్ని పట్టుకుని తర్వాతి ఉద్యోగంలోకి వెళ్తారు, దానికి భయపడుతున్నాను నేను. ఆ పేజీ తీసుకెళ్ళి చెప్పాక కూడా తొమ్మిదీ ఒకే రోజే, ఏ టెస్టూ వద్దు, నోరు మూసుకుని చేయండి అంటే, అప్పుడు మానేయడం మీ గురించి కాదు, ఆ చోటు గురించి. ఆ తేడా తెలుసుకుని వెళ్ళండి, వెళ్ళేటట్టయితే.

చివర్లో అడిగిన ఫోన్ నంబర్ సంగతి. మార్చేయండి, గో లైవ్‌కి ముందే మార్చేయండి. జనం నంబర్లు మారుస్తారు, ఒకే ఇంట్లో ఇద్దరు కస్టమర్లకి ఒకే నంబర్ ఉంటుంది, వదిలేసిన నంబర్ కొన్నాళ్ళకి ఇంకెవరికో వెళ్తుంది, అప్పుడు వాళ్ళ బాకీ వీళ్ళ ఖాతాలో కనిపిస్తుంది. ఏ అర్థమూ లేని ఒక నంబర్‌ని ప్రైమరీ కీ (ఒక్కో కస్టమర్‌ని గుర్తించే అసలు నంబర్) చేసి, ఫోన్‌ని మామూలు కాలమ్‌గా ఉంచండి, వెతకడానికి ఇండెక్స్ పెట్టుకోండి. ఇప్పుడైతే డేటా ఇంకా టెస్ట్ డేటానే కాబట్టి రెండు మూడు రోజుల పని, అసలు ఇన్వాయిస్‌లు దాని మీద పేరుకున్నాక నెలల పని అవుతుంది. డూప్లికేట్ కస్టమర్లు బయటపడతారు, వాళ్ళని ఆటోమేటిక్‌గా కలిపేయకండి, లిస్ట్ తీసి అకౌంట్స్ వాళ్ళకి ఇవ్వండి, ఎవరు ఎవరో వాళ్ళకే తెలుసు.

ఆ 213 ఎక్కడ తేలిందో నాకు తప్పకుండా రాయండి.